ఆరు సెకన్ల గొంతులు: అయిదో వారం

ఈ వారం మార్కులు 40కి 26. మొదటి వారం 31 వచ్చాయి. అయినా నాకు ఈ 26 మీదే నమ్మకం, ఎందుకంటే ఆ 31 దొంగ మార్కులు.

ఆట ఇది: అమెరికన్ పాపులర్ పాటలో గొంతు మొదలైన చోటు నుంచి ఆరు సెకన్లు మాత్రమే విని, పాడింది ఎవరో చెప్పాలి. ఇరవై మంది గాయకులు, ఒక్కొక్కరివి రెండేసి ముక్కలు. మొదటి వారం ముక్కలు నేనే కోసుకున్నాను. కోసినవాడికి గుర్తుండకుండా పోతుందా? రెండో వారం నుంచి ఆ పని మా మేనకోడలికి అప్పగించాను. గాయకుల జాబితా నాది, ఏ పాట కోయాలన్నది తన ఇష్టం. ఆడాసిటీ అనే శబ్దం కత్తిరించే సాఫ్ట్‌వేర్‌లో కోసి, 01 నుంచి 40 దాకా నంబర్లు వేసి పంపుతుంది. ఫైలు పేరు మార్చినంత మాత్రాన చాలదు, లోపల దాగి ఉన్న పాట పేరు కూడా చెరిపేయాలి. లేకపోతే ఫోన్ దాన్ని తెర మీద చక్కగా చూపించేస్తుంది. ఇది మాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. మళ్లీ మొదటినుంచి చేస్తే 22 వచ్చాయి.

ఆ 22లోనూ మోసం ఉంది. జానీ క్యాష్‌ను నేను పట్టింది గొంతుతో కాదు, వెనక రైలు నడకలా సాగే గిటార్‌తో. 1956 నాటి 'ఐ వాక్ ద లైన్' కోసం అతను గిటార్ తీగల మధ్య కాగితం దోపి డ్రమ్ లాంటి చప్పుడు పుట్టించాడు. కాగితాన్ని పట్టుకుని మనిషిని పట్టానని రాసుకుంటే ఎలా? అందుకని మూడో వారం గొంతునీ వాద్యాలనీ విడదీసే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. మార్కులు 13కి పడ్డాయి. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, మా ఇంట్లో నవ్వారు.

కొంత తప్పు ఫోన్ స్పీకర్‌ది. కింది శ్రుతిని అది దాదాపు మింగేస్తుంది. క్యాష్, నీనా సిమోన్, క్యారెన్ కార్పెంటర్ ముగ్గురికీ బలమంతా కింది స్వరాల్లోనే. ఆ బరువు తీసేస్తే క్యారెన్ గొంతు నాకు ఎవరో బుద్ధిగా పాడే అమ్మాయిలా వినపడింది. వైరు ఉన్న మామూలు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నాలుగో వారం 19. బ్లూటూత్ కూడా పనికొస్తుంది కానీ, నా దానికి మొదటి అర సెకను మింగే జబ్బుంది. ఆరు సెకన్ల ఆటలో అర సెకను తక్కువేం కాదు.

ఎంత విన్నా చిక్కనిది బిల్లీ హాలిడే, విల్లీ నెల్సన్. ఇద్దరూ తాళం కన్నా వెనకబడి పాడతారు. మాట పడాల్సిన చోట పడదు, పోయిందేమో అనుకునేలోపు తర్వాతి మాటను పట్టుకుని వచ్చేస్తుంది. వాద్యాలు పూర్తిగా తీసేశాక ఆ వెనకబాటు దేనితో పోల్చి వినాలి? నా చేత్తో నేనే ఆధారం తీసేశాను. ఈ వారం వాద్యాల ఫైలును 12 డెసిబెల్స్ తగ్గించి గొంతు కింద మళ్లీ కలిపాం. పరచిన చాపలా కింద ఉంటుంది, పైకి రాదు. ఒక్కసారిగా ఏడు మార్కులు పెరిగాయి, అందులో మూడు వీళ్లిద్దరివే.

సరదాకి ఇంకోటి చేశాం: ముక్కల్ని వెనక్కి తిప్పి వినడం. ఆడాసిటీలో రివర్స్ నొక్కితే చాలు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు ముందుకు తిప్పినా వెనక్కి తిప్పినా ఆర్మ్‌స్ట్రాంగే, గరుకు ఎటు నిమిరినా గరుకే. బిల్లీ మాత్రం వెనక్కి తిప్పగానే మాయమైంది. ఆమె గుర్తు గొంతులో కన్నా మాట వేసే వేళలో ఉందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది. డాలీ పార్టన్ 'జోలీన్' వేగాన్ని 0.74కి తగ్గించి వినండి. నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డును 33 చుట్ల మీద తిప్పినట్టు ఉంటుంది. సన్నగా వణికే ఆ గొంతు నిదానంగా ఎవరో మగాయన పాడుతున్నట్టు మారిపోతుంది.

ట్రేసీ చాప్‌మన్ అనే గాయనిని మగగొంతు అని రాశాను. "మావయ్యా, సరిగ్గా విను" అంది మేనకోడలు. విన్నాను, మళ్లీ అదే రాశాను. బాబ్ డిలాన్ ముక్కుతో పాడతాడని ధీమాగా ఉంటే, తను 1969 నాటి నాష్‌విల్ ఆల్బమ్‌లోంచి నున్నటి పాట కోసి పెట్టింది. మెత్తగా పాడే జిమ్ రీవ్స్ అని రాశాను. సినాట్రాకు ఆరు సెకన్లు చాలవు, పన్నెండు కావాలి. ఒక పంక్తి చివర ఊపిరి తీసుకోకుండా తర్వాతి పంక్తిలోకి జారిపోవడమే అతని గుర్తు. టామీ డోర్సీ బ్యాండ్‌లో పాడే రోజుల్లో, డోర్సీ ట్రాంబోన్ అనే ఊదే వాద్యం వాయిస్తూ ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడో కనిపెట్టి నేర్చుకున్నాడట. ఆ అతుకు వినపడాలంటే రెండు పంక్తులు ఉండాలి.

ఒక్క చోట పోట్లాడాను. 1962 నాటి 'హీ ఈజ్ ఎ రెబెల్'కు నేను డార్లీన్ లవ్ అని రాస్తే, జవాబుల కాగితంలో ద క్రిస్టల్స్ అనే అమ్మాయిల బృందం పేరు ఉంది. లేబుల్ మీద ఉన్నది వాళ్ల పేరే. కానీ నిర్మాత ఫిల్ స్పెక్టర్ పాడించింది డార్లీన్ చేత, క్రిస్టల్స్ అసలు ఆ రికార్డింగులోనే లేరు. మార్కు ఇప్పించుకున్నాను.

ఘంటసాల గొంతు గుర్తుపట్టడం మనకెవరూ నేర్పలేదు, రాగం తీసేలోపే తెలిసిపోతుంది. బాలు గారైతే ఏ హీరోకి పాడారో కూడా చెప్పేస్తాం. ఇక్కడ నటుడు లేడు, ఆ దారి మూసుకుపోయింది.

ఇంకా తేలనిది నాట్ కింగ్ కోల్, రే చార్ల్స్. రే చార్ల్స్ మొదట్లో కోల్‌ను అనుకరించే పాడేవాడు, ఆ తొలి రికార్డుల్లోంచి వచ్చిన రెండు ముక్కలకూ నేను కోల్ అనే రాశాను. వచ్చే వారం ఎనిమిది ముక్కలు ఈ ఇద్దరివే, వాద్యాల్లేకుండా, వైరు హెడ్‌ఫోన్‌తో.