వాక్లావ్ కాదంట, వాత్స్లఫ్ అంట

చెక్ దేశంలోని ప్రాగ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే, దానికి పెట్టిన వాళ్ల మాజీ ప్రెసిడెంట్ పేరు బోర్డు మీద చూసి "వాక్లావ్ హావెల్" అని పైకే చదివేశా, పేపర్లలో అలాగే చదివాం కదా. మాకు రూమ్ ఇచ్చిన పెద్దాయన పేరూ అదే, అలాగే పిలిస్తే పాపం తనని కాదనుకుని ఊరుకున్నాడు. మధ్యలో క లేదట, మనం చాప, చలి అన్నప్పుడు పలికే చ ఉందే, అదట. మనకి అలవాటైన శబ్దమే కాబట్టి రెండోసారికే పట్టేశా, నాతో వచ్చిన ఢిల్లీ ఫ్రెండ్‌కి మాత్రం చివరిదాకా రాలేదు.

మేం వెళ్లింది సెప్టెంబర్ 28, అంటే సెయింట్ వాత్స్లఫ్ రోజు. పదో శతాబ్దంలో సొంత తమ్ముడు బొలెస్లావ్ చంపించిన రాజు ఈయన. ఆ రోజు సెలవని మాకేం తెలుసు, పెద్ద సూపర్‌మార్కెట్లన్నీ మూసేశారు, చిన్న కొట్లో బ్రెడ్డు కొనుక్కుని సరిపెట్టుకున్నాం. చెక్ క్యాలెండర్లో రోజుకో పేరుంటుంది, ఆ పేరున్నోళ్లకి విషెస్ చెప్తారు, అందుకే మా ఓనర్ ఫోన్ పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది. ముద్దుపేరు వషెక్, కానీ పిలిచేటప్పుడు "వష్కూ!" అంటారు. రాముడు కాస్తా "రామా" అయినట్టు, వీళ్లకీ సంబోధన ఉంది మరి!

హావెల్ తర్వాత ప్రెసిడెంట్ అయిన క్లౌస్ కూడా వాత్స్లఫే, అంటే 1993 నుంచి 2013 దాకా 20 ఏళ్లు ఒకటే పేరు. పాత రూపం వెన్సెస్లావ్ లాంటిది. చెక్‌లో ఆ ముక్కుతో పలికే శబ్దం పోయింది, లాటిన్ వెన్సెస్లావుస్‌లో, జర్మన్ వెంట్సెల్‌లో న్ అలాగే మిగిలిపోయింది. రష్యన్లకి వ్యాచెస్లావ్, పోలిష్‌లో వాట్స్వాఫ్. అర్థం "ఎక్కువ కీర్తి గలవాడు". ఆ కీర్తి అనే "స్లావా", మన శ్రవణం, శ్రుతి అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవే. ఇది తెలిశాక నాకైతే మతిపోయింది, ఎందుకంటే ప్రాగ్‌లోని వాత్స్లఫ్ స్క్వేర్‌లో ఆ రాజు విగ్రహం గుర్రమెక్కి ఉంటుంది, ఇంద్రుడి గుర్రం పేరేమో ఉచ్చైశ్రవం, అందులోనూ అదే "శ్రవ"!

అక్కడివాళ్లు కలుసుకోవాలంటే "తోక కింద" అనుకుంటారు, అంటే ఆ గుర్రం తోక. నేనూ ఫ్రెండ్‌కి అదే చెప్పి అరగంట నిలబడ్డా. పక్కనే లుట్సెర్నా బిల్డింగ్‌లో డేవిడ్ చెర్నీ అనే శిల్పి చేసిన ఇంకో విగ్రహం ఉంది, చచ్చిన గుర్రం తలకిందులుగా వేలాడుతుంటే రాజు దాని పొట్ట మీద కూర్చుని ఉంటాడు. వాడేమో దాని కింద నిలబడి ఫోన్ చేస్తున్నాడు, "వాక్లావ్ దొరికాడు గానీ తోక ఎటుందిరా?"