అమ్మతో కోరమాండల్ తీరం వెంట: ఏడు రోజులు, అన్నీ బస్సులే

మా అమ్మమ్మ పెళ్లి యానాంలో జరిగింది. అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్లు. వాళ్లది తాళ్లరేవు పక్కన పల్లె. సొంతూళ్లో చేసుకోకుండా యానాం ఎందుకు వెళ్లారంటే, 1930 నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే నేరం. ఆ చట్టం ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోనే చెల్లేది. కాస్త దూరం వెళితే యానాం, అక్కడ ఫ్రెంచివాళ్ల జెండా. చుట్టుపక్కల వాళ్లంతా పిల్లల్ని బళ్లెక్కించి తీసుకెళ్లి అక్కడ మూడు ముళ్లు వేయించి తెచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరు కూడా పడింది.

మా అమ్మకి ఇప్పుడు డెబ్బై ఒకటి. ఈ కథ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగింది. "ఆ ఫ్రెంచోళ్ల అసలూరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలే" అని ఎన్నేళ్లుగానో అంటోంది. యానాం ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగమే. ఏ ఆఫీసు బోర్డు చూసినా ఆ పేరే. కానీ ఆ పుదుచ్చేరి, అదే మనం పాండిచ్చేరి అనే ఊరు, మాకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. కిందటి ఫిబ్రవరిలో ఎట్టకేలకు బయల్దేరాం. మోకాళ్ల నొప్పులున్న మనిషితో కారు లేకుండా చెన్నై నుంచి దిగువకి కోరమాండల్ తీరం వెంట ఎలా తిరిగామో రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది.

ఫిబ్రవరి ఎందుకంటే, ఆ తీరానికి వానలు మనలా జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాన్లూ అప్పుడే. ఏప్రిల్ దాటితే ఎండ. మధ్యలో మిగిలేది సంక్రాంతి తర్వాత రెండు నెలలు. రెండో లెక్క వారాలది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా చెన్నై, బెంగళూరు జనమంతా పాండిచ్చేరిలోనే ఉంటారు. గదుల ధరలు పెరిగిపోతాయి. అందుకని సోమవారం పాండిచ్చేరి చేరి, శుక్రవారం పొద్దున్నే దిగువకి వెళ్లిపోయేలా వేసుకున్నాను. ఈ తెలివే తర్వాత ఇంకోచోట నన్ను దెబ్బ కొట్టింది. అది దాని దగ్గరే చెప్తాను.

మొదటి పొరపాటు ఇంట్లో కూర్చునే చేశాను. చెన్నై నుంచి పాండిచ్చేరికి రెండు దారులు. ఒకటి చెంగల్పట్టు, తిండివనం మీదుగా పెద్ద హైవే. రెండోది మహాబలిపురం మీదుగా సముద్రం పక్కన వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, అందరూ ఈసీఆర్ అంటారు. నేను ఏసీ బస్సు దొరికిందని సంబరంగా ఆన్‌లైన్‌లో టికెట్లు తీసేశాను. బయల్దేరే ముందు రోజు రాత్రి ఎక్కే పాయింట్లు చదువుతుంటే తాంబరం, చెంగల్పట్టు అని ఉంది. సముద్రం చూడ్డానికి వెళుతూ సముద్రం కనిపించని దారి పట్టానన్నమాట. కేన్సిల్ చేస్తే సగం డబ్బులే తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఏ బస్సెక్కినా ముందు "ఈసీఆరా?" అని అడగడమే నా పని.

చెన్నైలో రైలు దిగి, ఈసీఆర్ మీద వెళ్లే మామూలు ప్రభుత్వ బస్సెక్కాం. తెలియాల్సిన సంగతి ఒకటుంది. దూరం వెళ్లే బస్సులు చాలావరకు మహాబలిపురం ఊళ్లోకి రావు, బైపాస్ మీదే దింపేస్తాయి. అక్కడి నుంచి ఊళ్లోకి ఆటో. కండక్టరు "మామల్లపురం" అని అరిస్తే అమ్మ కదల్లేదు. "మనది మహాబలిపురం కదే" అంది. రెండూ ఒకటేనని చెప్పి దింపేసరికి డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు.

ఆ ఊరి గురించి ఎక్కువ రాయను, రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కటి మాత్రం చెప్తాను. తీరం గుడి చుట్టూ సరుగుడు చెట్లు పెంచారు, అలలు కొట్టకుండా రాళ్లు పోశారు. ఎనిమిదో శతాబ్దం మొదట్లో పల్లవ రాజసింహుడు కట్టించిన గుడి అది. బయటి నందుల ముఖాలు ఉప్పుగాలికి నోట్లో నానిన పటికబెల్లంలా అరిగిపోయాయి. సముద్రం పక్కన ఏది కట్టినా సముద్రంతో లెక్క తేల్చుకోవాల్సిందే అని అక్కడే అనిపించింది. ఆ లెక్క తర్వాతి రోజుల్లో ఊరూరా కనిపించింది.

మర్నాడు పాండిచ్చేరి బస్సు. ఈసీఆర్ అనగానే పక్కనే అలలు కొడుతూ ఉంటాయని ఊహించుకోకండి. ఎక్కువ దూరం సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు, కొబ్బరి తోటలు. సముద్రం అప్పుడప్పుడు చెట్ల మధ్య నుంచి ఒక నీలిగీతలా తొంగిచూసి పోతుంది. "దీనికేనా అన్ని డబ్బులు పోగొట్టావు? మన కాకినాడ దారి కూడా ఇలాగే ఉంటుంది కదే" అంది అమ్మ. మరక్కాణం దగ్గర మాత్రం కిటికీకి అతుక్కుపోయింది. రోడ్డుకి దగ్గర్లో ఉప్పు మడులు, తెల్లటి కుప్పలు వరసగా, చాలా దూరం. ఇంకాసేపటికి మద్యం దుకాణాలు వరసగా కనబడగానే పుదుచ్చేరిలోకి వచ్చామని మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. యానాం పక్కన పుట్టినవాళ్లకి అదొక సరిహద్దు రాయి.

బస్టాండు నుంచి నేరుగా లాడ్జికి వెళితే, మా బుకింగ్ వాళ్ల దగ్గర లేదు. నా ఫోన్‌లో కన్ఫర్మేషన్ ఉంది, వాళ్ల పుస్తకంలో లేదు. అమ్మ మెట్ల మీద కూలబడింది. గట్టిగా అడిగితే మూడో అంతస్తులో గది చూపించారు, లిఫ్ట్ లేదు. నాకు టెన్షన్ మొదలైంది. చివరికి సోమవారం కావడం మమ్మల్ని కాపాడింది. ఆటో అతను అరవిందాశ్రమం వాళ్ల గెస్ట్‌హౌస్ ఒకదానికి తీసుకెళితే అక్కడ కింది అంతస్తులోనే గది దొరికింది. ఒరిజినల్ ఆధార్ చూపించాలి, రాత్రి గేటు వేసేస్తారు, గదిలో టీవీ ఉండదు. అమ్మకి ఆ మూడోదే కష్టమైంది. లాడ్జి డబ్బులు తిరిగి రావడానికి మూడు వారాలు, ఐదు మెయిళ్లు పట్టాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేశాక ఒకసారి ఫోన్ చేసి అంతస్తు కూడా అడగండి.

ఊరు నడవడానికి సులువు. వీధులన్నీ చదరంగం గళ్లలా తిన్నగా ఉంటాయి. మధ్యలో ఒక కాలువ. దానికి సముద్రం వైపు ఒకప్పుడు తెల్లవాళ్ల పట్నం, ఇవతల నల్లవాళ్ల పట్నం. అవతల పసుపు గోడలు, ఎత్తయిన గేట్లు, గోడలమీంచి కాగితపు పూలు. ఇవతల తమిళ ఇళ్లు, ముందర అరుగులు, వాటికి చెక్క స్తంభాలు. అమ్మకి అవతలి వైపు ఇళ్లు అరగంటలో విసుగొచ్చాయి. "గేట్లు తప్ప మనుషులు కనపడరే" అంది. ఇవతలి అరుగులు చూసి మాత్రం వాళ్ల తాతగారి ఇల్లు గుర్తు తెచ్చుకుంది. ఒక ఇంటి పెద్దావిడ రమ్మని సైగ చేస్తే ఆ అరుగు మీద కూర్చుని, ఈవిడ తెలుగులో, ఆవిడ తమిళంలో, పావుగంట మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు.

ఈ ఊరు ఎన్ని చేతులు మారిందో చదివితే తల తిరుగుతుంది. 1674లో ఫ్రెంచివాళ్లు స్థిరపడ్డారు. 1693లో డచ్చివాళ్లు పట్టుకున్నారు, కొన్నేళ్లకి తిరిగిచ్చారు. 1761లో ఇంగ్లీషువాళ్లు గెలిచి ఊరిని నేలమట్టం చేశారు. మళ్లీ ఫ్రెంచివాళ్లకి దక్కింది. మనకి చేతికొచ్చింది 1954 నవంబరు 1న, కాగితాల మీద పూర్తయింది 1962 ఆగస్టు 16న. యానాం మాత్రం 1954 జూన్‌లోనే బయటపడింది. "అయితే మనవాళ్లే ముందు" అని అమ్మ ఆ రోజంతా తృప్తిగా ఉంది.

ఈశ్వరన్ కోవిల వీధి ప్రాంతంలో కవి సుబ్రహ్మణ్య భారతి ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఇంగ్లీషు పోలీసులు పట్టుకోకుండా ఆయన 1908లో ఇక్కడికి వచ్చి పదేళ్లు ఉండిపోయాడు. అరవిందుడు 1910లో వచ్చాడు. అక్కడ నిలబడి ఇది అమ్మకి వివరిస్తుంటే నాకే ఏదోలా అనిపించింది. అదే గీత. దాన్ని దాటి ఒకరు స్వాతంత్ర్యం గురించి రాసుకున్నారు, మా ముత్తాత దాటి తొమ్మిదేళ్ల కూతురికి పెళ్లి చేశాడు. అమ్మతో ఆ మాట అనలేదు. ఆవిడే బయటికొచ్చాక అంది: "మా అమ్మకి బొమ్మలు కొనిపెడతామని తీసుకెళ్లారట. పీటల మీద కూర్చోబెట్టాక గానీ తెలీలేదంట." ఇన్నేళ్లలో ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు.

ఇక బీచ్. ప్రొమెనాడ్ రోడ్డు మీద సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బళ్లు రానివ్వరు. నడవలేనివాళ్లు ఆరు లోపలే ఆటోలో గాంధీ విగ్రహం దాకా వచ్చి దిగిపోవాలి. అది మాకు రెండో రోజు గానీ అర్థం కాలేదు. చాలా మేర అక్కడ ఇసక లేదు, నల్లటి బండరాళ్ల గోడ. ఒకప్పుడు ఇసకుండేది. ఈ తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళుతూ ఉంటాయి. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. వచ్చే ఇసక అక్కడ ఆగిపోయింది, ఇక్కడున్నది కోసుకుపోయింది. మిగిలిన ఊరిని కాపాడుకోవడానికి రాళ్లు పోశారు. 2018 ప్రాంతంలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు సచివాలయం ఎదుట నీళ్లలో ఉక్కుతో ఒక కృత్రిమ దిబ్బ దించాక, అక్కడ కొంత ఇసక తిరిగొచ్చింది. పిల్లలంతా అక్కడే. ఉప్పాడ కెరటాలకి రోడ్లూ ఇళ్లూ పోవడం చూసినవాళ్లం కాబట్టి అమ్మకి ఇదంతా వెంటనే ఎక్కింది. ఆ సాయంత్రం చుట్టూ అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఆవిడ రాళ్ల వంకే చూస్తూ కూర్చుంది.

స్నానానికి మాత్రం ఈ తీరాన్ని నమ్మకండి. చున్నాంబార్ నుంచి పడవలో ప్యారడైజ్ బీచ్‌కి వెళ్లాం. మడచెట్ల మధ్య నుంచి ఏటి మీద ప్రయాణం హాయిగా ఉంది, ఇసక బాగుంది. కానీ నడుం లోతుకి వెళ్లకుండానే కాళ్లకింద నుంచి లాగేస్తుంది. కావలివాళ్లు ఈలలు వేస్తూనే ఉన్నారు. ఉత్తరాన సెరెనిటీ బీచ్‌లో అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లని దూరం నుంచి చూసి వచ్చేశాం.

శుక్రవారం పొద్దున కారైకాల్ బస్సెక్కాం. కడలూరు, చిదంబరం, శీర్కాళి మీదుగా వెళుతుంది, దారిలోనే తరంగంబాడి. డేన్‌లు, అంటే డెన్మార్క్‌వాళ్లు, కట్టిన కోట అక్కడుంది. నేను ఈ ప్రయాణం మొత్తంలో ఎక్కువ ఎదురుచూసింది దానికోసమే. 1792 నాటి తెల్లటి నగర ద్వారం దాటి, రాజవీధిలో నడిచి, కోట దగ్గరికి వెళితే తాళం. కోటలో ఉన్న మ్యూజియంకి శుక్రవారం సెలవట. వారాంతపు జనాన్ని తప్పించుకోవాలని వేసిన నా లెక్క ఇలా తగిలింది.

అమ్మ ఏమాత్రం బాధపడలేదు. దగ్గర్లో తిరుక్కడయూరు ఉందని బస్సులోనే ఎవరినో అడిగి తెలుసుకుంది. షష్టిపూర్తులకి పేరున్న గుడి. మేం వెళ్లేసరికి నాలుగు జంటలు మళ్లీ పెళ్లికూతుళ్లు, పెళ్లికొడుకులై కూర్చున్నారు. ఒక తాతగారు తాళి కట్టడానికి వేళ్లు వణుకుతుంటే మనవరాళ్లు పకపకా నవ్వుతున్నారు. అమ్మ అక్కడి నుంచి గంటన్నర కదల్లేదు.

రాత్రి తరంగంబాడిలోనే ఉండి శనివారం తెరవగానే కోటలోకి వెళ్లాం. నిజానికి ఉండిపోవడమే మంచిదైంది. పొద్దున ఆ తీరంలో వలలు బాగుచేసుకునే వాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ లేరు. 1306లో పాండ్యులు కట్టించిన మాసిలామణినాథర్ గుడి ముందు భాగాన్ని సముద్రం తినేసింది. కోట లోపల డేన్‌ల నాణేలు, పింగాణీ, పటాలు. 1620లో వాళ్లకి ఇక్కడ చోటిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు. 1845లో డెన్మార్క్ ఈ ఊరినీ, బెంగాల్‌లో ఉన్న శ్రీరాంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి ఈస్టిండియా కంపెనీకి అమ్మేసింది. ఆ మాట చెప్పగానే అమ్మ ఆగిపోయింది.

"అద్దెకున్నోళ్లు ఇల్లెలా అమ్ముతారే?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి గోడమీది పటంలో వేలు పెట్టి శ్రీరాంపూర్ ఎక్కడో చూపించమంది. చూపించాను. పక్కనే చందన్‌నగర్ ఉందని, అది కూడా ఫ్రెంచివాళ్లదేనని చెప్పడం నా తప్పు. మధ్యాహ్నం బస్టాండులో మజ్జిగ తాగుతూ అడిగింది, అక్కడికి ఎన్ని బస్సులు మారాలని.