మెరకలో వాచీ చూడొద్దు

చదును రోడ్డు మీద కిలోమీటరు 6 నిమిషాల్లో తీసే రన్నర్ మెరకలోనూ అదే 6 నిమిషాల కోసం పట్టుబట్టాడనుకుందాం. మెరక 5 శాతం, అంటే 100 మీటర్లకి 5 మీటర్ల ఎత్తు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూత్రంతో లెక్కేస్తే, గంటకి 10 కిలోమీటర్ల వేగానికి చదునులో ఒంటి బరువు కిలోకి నిమిషానికి 37 మిల్లీలీటర్ల దాకా ఆక్సిజన్ కావాలి. మెరకలో అదే వేగానికి 44 దాటుతుంది. చదునులో అంత ఖర్చవ్వాలంటే కిలోమీటరు 4 నిమిషాల 54 సెకన్లకి తీయాలి. ఈజీ రన్ అనుకుని బయల్దేరినవాడు తెలియకుండానే రేసు పరిగెత్తేస్తున్నాడన్నమాట.

కాబట్టి మెరకలో పేస్‌ని, అంటే కిలోమీటరుకి పట్టే సమయాన్ని మర్చిపోయి ఊపిరిని గమనించాలి. ఈజీ రన్‌లో మెరక వస్తే, పక్కవాళ్లతో రెండు వాక్యాలు మాట్లాడగలిగేంత వరకు వేగం తగ్గించాలి. నడవాల్సి వస్తే నడవండి, తప్పేం లేదు. పోయిన సమయం దిగేటప్పుడు మొత్తం తిరిగి రాదు, దాని కోసం వాలులో దూకడం అనవసరం.

మెరక ఇచ్చేది బలం. ప్రతి అడుగులోనూ ఒంటిని పైకెత్తాలి గనక పిరుదులు, పిక్కలు గట్టిగా పనిచేస్తాయి. నేల పాదానికి ఎదురొస్తుంది కాబట్టి కుదుపు తక్కువ. కానీ అడుగు పొట్టిదవుతుంది, పాదం నేల మీద ఎక్కువసేపు ఆగుతుంది. చదునులో రేసు వేగంతో గంటసేపు ఒకే లయలో సాగడం మెరక నేర్పదు, దానికి చదును రోడ్డే కావాలి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ముందు నెలల తరబడి నిదానంగా ఎక్కువ దూరాలు పరిగెత్తించి, తర్వాత కొన్ని వారాలు మెరక పని, ఆ తర్వాతే ట్రాక్ మీద వేగం పెట్టేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు గెలిచిన పీటర్ స్నెల్ ఆయన శిష్యుడే. ఈ వరస తిరగేస్తే పిక్కలు మొరాయిస్తాయి.

మెరక ఎంత నిటారుగా ఉందో కంటితో తేలదు. ఒక మీటరు కర్ర తీసుకుని, ఒక కొసని మెరక పైవైపు నేలకి ఆనించి, కర్ర మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్‌లో సున్నా వచ్చేదాకా రెండో కొస ఎత్తండి. ఆ కొస కింద ఖాళీని టేపుతో కొలవండి. 5 సెంటీమీటర్లుంటే 5 శాతం. రెండు మూడు చోట్ల కొలిచి సగటు తీసుకుంటే చాలు.

కొత్తవాళ్లు 6 నుంచి 8 శాతం మెరకలో 10 సెకన్ల పరుగులతో మొదలుపెట్టాలి. ఈజీ రన్ చివర, ఒళ్లు వేడెక్కాక, వారానికి ఒకసారి 4 చేయాలి. ప్రతిదాని తర్వాత నడుస్తూ దిగి, మొత్తం 2 నిమిషాలు ఆగాలి. వారానికి ఒకటి చొప్పున 8 దాకా పెంచొచ్చు. విశ్రాంతి కోసేస్తే అది ఆయాసం పని అవుతుంది, బలం పని కాదు. ఇది అలవాటయ్యాక 4 నుంచి 6 శాతం మెరకలో 60 నుంచి 90 సెకన్లు, 6 సార్లు, 5 కిలోమీటర్ల రేసులో పడేంత శ్రమతో. దిగేటప్పుడు జాగింగే. మొదటి రిపీట్‌లో చేరిన గుర్తుకి ఆఖరిది చాలా కింద ఆగిందంటే మొదటిది అతిగా చేశారని అర్థం. మర్నాడు మళ్లీ స్పీడ్ వర్కవుట్ వద్దు, 48 గంటలు ఆగండి.

ఎక్కువగా కనిపించే తప్పు నడుము దగ్గర వంగడం. వాలాల్సింది చీలమండల నుంచి, ఒళ్లంతా ఒకే గీతగా. నడుము వంగితే మోకాలు సరిగ్గా పైకి లేవదు. మడమ వెనక అకిలిస్ టెండన్ నొప్పి ఉన్నవాళ్లు మెరక మానేయాలి, మడమ కిందికి జారి ఆ టెండన్ మరీ సాగుతుంది.

అసలు అందరూ వదిలేసేది దిగుడు. వాలులో తొడ ముందు కండరాలు సాగుతూనే బరువుని ఆపాలి. ఊపిరి హాయిగా ఉంటుంది, నొప్పి మాత్రం మర్నాడో మూడోనాడో బయటపడుతుంది. బోస్టన్ మారథాన్‌లో మొదటి 25 కిలోమీటర్లు ఎక్కువగా దిగుడే. 32 దాటాక వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ ఎత్తు దాదాపు 27 మీటర్లే అయినా అంత భయపెట్టేది, అప్పటికే తొడలు అరిగిపోయి ఉంటాయి గనక.

మంచి సంగతేంటంటే, ఒకసారి కొద్దిగా నొప్పి పడ్డ తొడలకి కొన్ని వారాలు రక్షణ ఉంటుంది. 2 నుంచి 4 శాతం వాలులో 200 మీటర్లు, 4 సార్లు చాలు, పది పదిహేను రోజులకోసారి. అడుగులు పొట్టిగా, పాదం ఒంటి కిందే పడాలి. పాదాలు టపటపా చప్పుడు చేస్తుంటే వెనక్కి వాలి బ్రేకు వేస్తున్నారని లెక్క, వేగం తగ్గించండి. మోకాలి చిప్ప నొప్పి ఉంటే ఇది వద్దు. ట్రెడ్‌మిల్‌తో మెరక దొరుకుతుంది గానీ చాలా మెషిన్లలో దిగుడు ఉండదు. రేసులో దిగుళ్లుంటే ఆఖరి దిగుడు సెషన్ రెండు వారాల ముందే అయిపోవాలి. చివరి వారంలో చేస్తే తొడ నొప్పితోనే స్టార్ట్ లైన్ దగ్గర నిలబడాల్సొస్తుంది.