సైబీరియా నుంచి వచ్చిన బారిటోన్

న్యూజెర్సీలో కాంట్రాక్టు ఉద్యోగం చేసుకునే నాకు ఈ ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) పిచ్చి ఏమిటని ఇక్కడి మనవాళ్లు నవ్వుతుంటారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా (అందరూ ‘మెట్’ అంటారు) థియేటర్లో పై అంతస్తు టికెట్టు కొని చూడటం మొదలుపెట్టాక ఒకటి తెలిసింది. స్టేజి మీద పెద్ద పాత్రలు వేసే వాళ్లలో చాలామంది మనలాంటి కాంట్రాక్టు మనుషులే. ఏ షోకి ఆ షో లెక్క. గొంతు పట్టేసిందా, ఆ రాత్రి వేషం కవర్ సింగర్‌కి, అంటే బదులుగా సిద్ధంగా ఉంచిన గాయకుడికి పోతుంది, డబ్బూ పోతుంది. ఈరోజు న్యూయార్క్, వచ్చే నెల వియన్నా, ఎక్కడికెళ్లినా సూట్‌కేసు బతుకే.

వాళ్లలో నాకు బాగా ఇష్టమైన మనిషి ద్మిత్రి హ్వొరొస్తోవ్‌స్కీ. 1962లో సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో పుట్టారు. కుర్రతనంలో రాక్ బ్యాండులో పాడారు. 1989లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో జరిగిన అంతర్జాతీయ గాయకుల పోటీలో, వేల్స్ వాళ్ల సొంత బిడ్డ బ్రిన్ టెర్ఫెల్‌ని వాళ్ల గడ్డ మీదే దాటి మొదటి బహుమతి కొట్టారు. తర్వాత లండన్‌లో స్థిరపడ్డారు.

ఆయన బారిటోన్. అంటే టెనార్ అనే పై గొంతుకీ బాస్ అనే కింది గొంతుకీ మధ్య ఉండే మగ గొంతు. ప్రేమించి పెళ్లాడే హీరో వేషం ఎక్కువగా టెనార్‌దే. బారిటోన్లకు మిగిలేవి తండ్రులు, పగబట్టిన ప్రత్యర్థులు. నన్నడిగితే ఇటలీ ఒపెరా స్వరకర్త వెర్డి అసలు ప్రాణం పెట్టింది ఈ పాత్రల్లోనే. మెట్‌లో దాదాపు 3,800 సీట్లు, మైకులు ఉండవు. మైకు లేని రోజుల్లో మన పద్యనాటకాల వాళ్లు చివరి వరసదాకా రాగం వినిపించినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ గొంతుకు అడ్డంగా ఆర్కెస్ట్రా మొత్తం ఉంటుంది. హ్వొరొస్తోవ్‌స్కీ బలం ఊపిరి. ఎక్కడ తీసుకున్నారో పట్టుకోలేం, చరణం మాత్రం తెగదు.

2015లో ఆయన మెదడులో కణితి బయటపడింది. ఆ సెప్టెంబర్ 25న చికిత్స మధ్యలోనే మెట్‌కి వచ్చి వెర్డి ఒపెరా ‘ఇల్ ట్రోవతోరె’లో విలన్ కౌంట్ డి లూనాగా దిగారు. స్టేజి మీదికి రాగానే చప్పట్లతో ఆట ఆగిపోయింది. ఆయన నవ్వి, గుండె మీద చెయ్యి వేసుకుని, మళ్లీ విలన్ అయిపోయారు. చివర్లో ఆర్కెస్ట్రా వాళ్లే తెల్ల గులాబీలు విసిరారు. మూడు షోలు పాడి చికిత్స కోసం లండన్ వెళ్లిపోయారు. సెలవు పెడితే కాంట్రాక్టు పోతుందేమోనని జ్వరంలో కూడా లాగిన్ అయ్యే నాలాంటి వాడికి అది వేరేలా అర్థమవుతుంది. ఆయనది భయం కాదనుకోండి.

నిలబడితే తూలుతోందని 2016 డిసెంబర్‌లో ఒపెరా వేషాలు మానేశారు. 2017 మేలో మెట్ ఉత్సవంలో, ముందుగా ప్రేక్షకులకు చెప్పకుండా వచ్చి, వెర్డి ఒపెరా ‘రిగొలెట్టో’లో కూతురి కోసం కొలువువాళ్లని తిట్టి, ఆపైన బతిమాలే తండ్రి పాట పాడారు. ఆ తర్వాతి నెలలో భుజానికి దెబ్బ తగిలి చెయ్యి కట్టులో ఉన్నా సరే, క్రాస్నోయార్స్క్ వెళ్లి సొంత ఊరివాళ్ల ముందు పాడారు. నవంబర్‌లో లండన్‌లో పోయారు, 55 ఏళ్లకే. ఇప్పుడు క్రాస్నోయార్స్క్ విమానాశ్రయానికి ఆయన పేరే.