డెన్వర్‌లో అరిసెలు: ఐదో ప్రయత్నం

పదహారు వేస్తే పదకొండు నిలిచాయి! నవంబరు నుంచి మొన్న శనివారం దాకా విరగకుండా, పంటికి మెత్తగా తగిలేలా వచ్చినవి మొత్తం ఐదే ఐదు. ఒక్క ఆదివారం పదకొండు. మూకుడు ఇంకా కడగలేదు, అంకెలు మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

సంక్రాంతి పండుగ వారం మధ్యలో వచ్చి వెళ్లిపోయింది, ఇక్కడ అమెరికాలో ఎవరికీ సెలవు లేదు. మార్టిన్ లూథర్ కింగ్ స్మారక సోమవారం కలిసి రావడంతో మూడు రోజులు చేజిక్కాయి. నాలుగు కుటుంబాలు మా ఇంట్లోనే దిగాయి. బయట మైనస్ 11 డిగ్రీలు. వాకిట్లో మంచు పారతో ఎత్తి, తడి ఆరిన సిమెంటు మీద ముగ్గు పెట్టాం. రేగుపళ్లు దొరకలేదు, పిల్లల తలల మీద క్రాన్‌బెర్రీలు, చామంతి రేకులు, చిల్లర నాణేలు కలిపి పోశాం. పొంగలి, గారెలు, పులిహోర బాగా కుదిరాయి. వరంగల్ నుంచి వచ్చిన మా స్నేహితురాలి సకినాలు మొదటి వాయి నుంచే కరకరలాడాయి. నా అరిసెల ముడి విప్పింది ఆ సకినాలే.

ముందు పాత లెక్క చెప్పాలి. కొలత ఎప్పుడూ మార్చలేదు: 500 గ్రాముల బియ్యానికి 375 గ్రాముల బెల్లం, 100 మిల్లీలీటర్ల నీళ్లు. మొదటి రెండుసార్లూ పాకం 114 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించాను. రెండుసార్లూ అరిసెలు చల్లారేసరికి రాళ్లయ్యాయి. ఆ 114 సముద్రమట్టం దగ్గర పనికొచ్చే అంకె. డెన్వర్ 1,609 మీటర్ల ఎత్తున ఉంది, సరిగ్గా ఒక మైలు. శాసనసభ భవనం మెట్టు మీద ఆ మాట చెక్కి కూడా ఉంటుంది. నీళ్లు ఇక్కడ 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పాకం ముదురా లేతా అన్నది తేల్చేది థర్మామీటరు అంకె ఒక్కటే కాదు, ఆ అంకె నీళ్లు మరిగే వేడికి ఎంత పైన ఉందన్నది. కోస్తాలో 114 అంటే 14 డిగ్రీలు పైన, మెత్తని ఉండపాకం. ఇక్కడ 114 అంటే 19 డిగ్రీలు పైన, ఉండ గట్టిపడిపోయిన పాకం. రెండు వాయిలు ఈ తేడా తెలియకే పోయాయి.

డిసెంబరులో మూడోసారి. థర్మామీటరును మరిగే నీళ్లలో పెట్టి చూశాను, 94.7 చూపింది. నాది థర్మాపెన్. ఖరీదైనదే కానీ క్షణాల్లో అంకె నిలబడుతుంది. పాకం పట్టేవారు ముల్లు తిరిగే చవక థర్మామీటర్లను నమ్ముకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఈసారి 109 దగ్గర దించాను. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే వేలికి మెత్తని ఉండ వచ్చింది. నువ్వులద్ది, తట్టి, 165 డిగ్రీల నూనెలో వేశాను. ఇరవై సెకన్లకు అంచులు చిట్లాయి. నలభై సెకన్లకు నడుమ చీలిక. చిల్లుల గరిటెతో ఎత్తబోతే సగం చేతికి, సగం మూకుడు అడుగుకు. పద్నాలుగింటిలో పన్నెండు అలాగే పోయాయి.

తెనాలిలో ఉన్న అత్తయ్య గారికి ఫోను చేస్తే, "పాకం లేతదై ఉంటుందమ్మా, లేతపాకమైతేనే అరిసె నూనెలో విచ్చుకుంటుంది" అన్నారు. ఆవిడ మాట కాదనలేను. కానీ ఉండ వచ్చిందని నా వేళ్లకు తెలుసు. నాలుగు వారాలు ఇదే ఆలోచన. బెల్లమా? ఇక్కడి దుకాణంలో దొరికేది కొల్హాపురి అచ్చు, అనకాపల్లి బెల్లం కన్నా గట్టిగా ఉంటుంది, తేమ ఎంతో తెలియదు. బియ్యమా? మొదట వాడిన సోనామసూరి పాత బియ్యం. అరిసెలకు కొత్త బియ్యమే సరి, సంక్రాంతికి ఇంటికి వచ్చేది కొత్త ధాన్యమే కదా. అందుకే మూడోసారి నుంచి, కొత్త బియ్యంలా జిగురుండే జపాను రకం నిషికి బియ్యానికి మారాను. గింజ పొట్టిగా ఉంటుంది. అరిసెలకు సోనామసూరి కన్నా ఇదే మేలనుకున్నాను. అయినా చిట్లాయి. ఇనుప మూకుడా? దించిన తర్వాత కూడా వేడి పట్టి ఉంచి పాకాన్ని ముదరబెడుతుందేమో అనుకుని పల్చటి స్టీలు గిన్నెకు మారాను.

శనివారం నాలుగోసారి. శుక్రవారం ఉదయమే కిలో బియ్యం నానబోసి, అందులో సగం తీసుకున్నాను. పదహారింటిలో మూడే నిలిచాయి. ఏడుపొక్కటే తక్కువ.

నేను మూకుడు ముందు నిలబడి ఉంటే, పక్కన బల్ల మీద వరంగల్ స్నేహితురాలు బట్ట పరిచి సకినాలు చుడుతోంది. పిండి పిడికెడు తీసుకున్న ప్రతిసారీ గిన్నె మీద తడిగుడ్డ మళ్లీ కప్పేస్తోంది. ఎందుకని అడిగాను. "ఈ ఊళ్లో తడిపిండి నిమిషాల్లో పొడిబారుతుంది అక్కా. కప్పకపోతే చుట్టేటప్పుడు తెగిపోతుంది" అంది.

కాటా కోసం పరుగెత్తాను. అదృష్టం కొద్దీ ఉదయం బరువులు రాసిపెట్టుకున్నాను. పొడి బియ్యం 500 గ్రాములు. నాని, నీళ్లు కారిపోయిన తర్వాత 648. మిక్సీ పట్టి, జల్లించి, వెడల్పు పళ్లేల్లో తెరిచిపెట్టి, పాకం పట్టేసరికి గంటా నలభై నిమిషాలు. మిగిలిన పిండి గుప్పెడు పట్టి నొక్కితే ముద్ద కాలేదు, వేళ్ల మధ్య నుంచి జారింది. కలపబోయే ముందు బరువు, జల్లెడలో మిగిలిన రవ్వతో కలిపి, 590. అంటే 58 గ్రాముల నీరు గాలిలో కలిసింది! హీటరు నడిచే ఇంట్లో తేమ 19 శాతం, పైగా వేడిగాలి వచ్చే రంధ్రం కిందే నా పళ్లేలు. ఆరిన పిండి పాకంలోని తడినంతా పీల్చేసింది, చలిమిడికి పట్టు పోయింది. పాకాన్ని అరడిగ్రీ తేడాతో పట్టుకుంటూ పిండిని గాలికి వదిలేశాను.

ఆదివారం మిగతా సగం బియ్యం. నీళ్లు ఇరవై నిమిషాలే కారనిచ్చాను. గుప్పెడేసి మిక్సీ పట్టడం, నేరుగా గిన్నెలోకి జల్లించడం, తడిగుడ్డ కప్పడం. ప్రీతి 110 వోల్టుల మిక్సీ తడి బియ్యాన్ని వేడెక్కకుండా పట్టింది, దాని మీద నాకు మంచి గురి. వంటింట్లో హీటరు ఆపించాను, పిల్లలు స్వెట్టర్లు వేసుకున్నారు. రవ్వతో సహా బరువు 641. నొక్కితే వేలిముద్రలు నిలిచాయి. పాకం అదే 109. మొదటి పదకొండూ పొంగి, చెక్కల మధ్య నూనె వత్తినా అంచు చెదరలేదు. అరిసె తుంచితే లోపల మెత్తగా, తేమగా, యాలకుల వాసన. తెనాలికి వీడియోలో చూపిస్తే అత్తయ్య గారు, "ఇప్పుడు అరిసె అనిపించుకుంది" అన్నారు.

చివరి ఐదు చిట్లాయి. అప్పటికి చలిమిడి కలిపి 35 నిమిషాలైంది. తట్టేటప్పుడే అంచుల్లో సన్నని పగుళ్లు కనిపించాయి. చలిమిడి మీద తడిగుడ్డ కప్పలేదు, అది ఒక కారణం. నూనె కూడా అప్పటికి 176 దాకా ఎక్కింది. నీరు తక్కువ వేడికే ఆవిరయ్యే ఎత్తులో అరిసెలోని తడి మరీ వేగంగా తన్నుకొచ్చి చీలుస్తోందేమో అని నా అనుమానం. ఈసారి 157 దగ్గరే నిలుపుతాను.

ఇంకొక తిరకాసు ఉంది. శనివారం బియ్యం 24 గంటలు నానింది, ఆదివారం బియ్యం 48. గెలిపించింది తడిగుడ్డా, ఎక్కువసేపు నానడమా? వచ్చే శనివారం రెండు గిన్నెలు పెడతాను, ఒకటి 24 గంటలు, ఒకటి 48. రెంటికీ తడిగుడ్డ, రెంటికీ ఒకే పాకం. వేడిగాలి రంధ్రానికి అట్టముక్క అంటిస్తాను. అది తేలితే పూతరేకుల మీద కన్ను పడింది. ఆత్రేయపురంలో కుండ మీద తీసే రేకు ఈ గాలికి చేతిలోనే పొడి అవుతుందా, నేతి చేతితో మడిచేంత సమయం ఇస్తుందా? మట్టికుండ ఎక్కడ దొరుకుతుందో వెతకాలి. 48 గంటల గిన్నె గురువారం ఉదయం ఏడింటికి నానబోయాలి, ఫోనులో గంట పెట్టుకున్నాను.