పగలు ముక్కు గొట్టం, రాత్రి మాస్కు

కందుకూరు పక్క పల్లెలో నా వయసంతా కట్టెల పొయ్యి ముందు, పొగాకు ఆకు కాల్చే బ్యారన్ల దగ్గర గడిచింది. చుట్ట ముట్టిందాన్ని కాదు, అయినా ఊపిరితిత్తులు చెడ్డాయి. గొట్టంలోకి గట్టిగా ఊదించి సీవోపీడీ అని తేల్చారు, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగ్గా ఆడని దీర్ఘకాలపు జబ్బు. కొన్నేళ్లు ఇన్‌హేలర్లతో నెట్టుకొచ్చాను.

తర్వాత ఒక చలికాలం నెమ్ము చేసి ఆస్పత్రిలో పడ్డాను. అప్పటికే పొద్దున లేస్తే తలపోటు, పగలంతా మత్తు. మణికట్టు దగ్గర సూది గుచ్చి రక్తం తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి ఉంది. ఊపిరి బయటికి సరిగ్గా వదల్లేక అలా అయిందన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చి కుదుటపడ్డాక మళ్లీ పరీక్షించి రెండు మెషిన్లు రాశారు. ఒకటి ఆక్సిజన్ కాన్సంట్రేటర్. గదిలో గాలినే పీల్చుకుని, అందులోని నత్రజనిని పట్టి ఉంచి ఆక్సిజన్ ఇస్తుంది. నిద్రతో కలిపి రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. రెండోది బైపాప్, రాత్రి మాస్కుతో గాలిని ఒత్తిడితో లోపలికి పంపి ఊపిరికి సాయం చేసేది.

చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ఒకటే మాట, "ఆయాసపడుతున్నావుగా, ఇంకాస్త పెంచుకో అక్కా." పెంచకూడదు. నాలాంటి వాళ్లకి సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి మళ్లీ మత్తులోకి జారిపోతాం. అందుకే ఆక్సిజన్ పెంచే మీట మీద డాక్టరు గారు తప్ప ఎవరూ చెయ్యి వేయకూడదని ఇంట్లో గట్టిగా చెప్పాను.

బైపాప్‌తో మొదట్లో నరకమే. గాలి మొహం మీదికి తోసుకొచ్చేది, ముక్కు మీద పుండు పడింది. ప్రెషర్ తగ్గించి మెల్లగా పెంచారు, మాస్కు సైజు మార్చారు. ఇక్కడే చాలామంది విసిగి మెషిన్ మూలన పడేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అలవాటయ్యాక నాకు తలపోటు పోయింది, పగటి మత్తు పోయింది.

ఒక సంగతి మాత్రం ముందే చెబితే బాగుండేది. కాన్సంట్రేటర్‌కి రోజుకు సుమారు ఐదు యూనిట్ల కరెంటు కాలుతుంది. కరెంటు పోతే ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్, పక్కన ఒక సిలిండర్ తప్పవు. గదిలో దీపం, అగరుబత్తి మానేశాం. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు రవ్వ కూడా ప్రమాదమే.

వచ్చే నెల మా చెల్లెలి మనవరాలి పెళ్లి. వెళ్తాను. హోమం పొగకు దూరంగా కూర్చుంటాను. ఫంక్షన్ హాల్లో జనరేటర్ ఉందో లేదో మా అబ్బాయి అప్పుడే కనుక్కున్నాడు.