కొండ కూడా ఫొటోలో ఉండాలి

ఈసారి కొండల యాత్రకు నేను పెట్టుకున్నవి రెండే లెన్సులు, దూరాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం ఒకటి, చుట్టుపక్కలను వెడల్పుగా చూపే 35 ఎంఎం ఒకటి. అక్క, బావ, మా మేనకోడలు, నేను బయలుదేరాం. దారిలోనే అక్క చెప్పేసింది, "వెనకంతా బాగా బ్లర్ చేసి తియ్యరా" అని.

పొద్దున్నే చెరువు దగ్గర ఆగాం. అక్క వెళ్లి ఒక పొదకు ఆనుకుని నిలబడింది. 85 లెన్సుని ఎఫ్ 1.8లో పెట్టి చూస్తే ఆకులు ఇంకా చిక్కుచిక్కుగా కనిపిస్తున్నాయి. ఎపర్చర్ అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే అది అంత పెద్దగా తెరుచుకుంటుంది, వెనకభాగం అంత కరుగుతుంది. కానీ దాన్ని ఎంత తెరిచినా, వెనకున్నది మనిషికి అంటుకుని ఉంటే పెద్దగా కరగదు. "అక్కా, నాలుగడుగులు ఇటు రా" అని ఆరుబయటికి పిలిచాను, నేను రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాను. ఇప్పుడు ఆమె వెనకున్నవి అవతలి గట్టు చెట్లు. కొమ్మల సందుల్లోంచి వచ్చే వెలుగు చుక్కలన్నీ గుండ్రటి బిళ్లలైపోయాయి. మార్చింది దూరం ఒక్కటే, ఎపర్చర్‌ను ముట్టుకోలేదు. చాలామంది ఎఫ్ నంబరు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా ఈ దూరాల మీద పెట్టరు. నాకైతే అసలు పని అక్కడే ఉందనిపిస్తుంది.

ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సర్ ఉండే) కెమెరాలో ఆ లెన్సుతో, ఆ దూరంలో, ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 6 సెంటీమీటర్లే. కళ్లు పదునుగా వస్తే చెవి అప్పటికే మెత్తబడుతుంది. అందుకే మొహం కాస్త పక్కకు తిప్పినప్పుడు కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్ పెట్టాలి. మేనకోడలు ఒక్కచోట నిలబడే రకం కాదు కాబట్టి దానికి ఎఫ్ 4 పెట్టాను. లోతు 13 సెంటీమీటర్ల దాకా పెరిగింది, అది కాస్త ఊగినా కళ్లు చేజారలేదు.

మధ్యాహ్నానికి కొండ మీదికి చేరాం. కింద లోయ, దానిలో మెలికలు తిరిగే వాగు, అవతల వరసగా కొండలు. అంత దూరం ఎక్కి వచ్చాక అదంతా చెరిపేసి మొహం ఒక్కటే తీస్తే, ఆ ఫొటో ఎక్కడైనా తీసుకోవచ్చు. మనిషితో పాటు చోటు కూడా ఉంటేనే అది యాత్ర ఫొటో. 35 ఎంఎం తగిలించి ఎఫ్ 8 పెట్టాను. అయిదు మీటర్లకు కాస్త అవతల ఫోకస్ చేస్తే, సుమారు రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది. అక్కను మూడు మీటర్లలో నిలబెట్టాను. అన్నీ స్పష్టంగా ఉన్నప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. తల వెనక మోడు ఒకటి కొమ్ములా మొలిచినట్టుంది. ఒక అడుగు పక్కకు జరిగితే పోయింది.

"అయితే ఎఫ్ 22 పెట్టెయ్యొచ్చు కదా, ఇంకా బాగుంటుంది?" అన్నాడు బావ. మంచి ప్రశ్న. ఎఫ్ 22 దగ్గర లాగా రంధ్రం మరీ చిన్నదైతే దాని అంచుల దగ్గర కాంతి వంగి చెదురుతుంది, బొమ్మ మొత్తం పదును తగ్గుతుంది. ఈ లెన్సుకు నేను ఎఫ్ 11 దాటను.

అక్కకు మాత్రం అక్కడా ఒక బ్లర్ ఫొటో కావాలి. మండే ఎండలో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100 దగ్గర, ఎఫ్ 16కి షట్టర్ సెకనులో వందో వంతు తెరుచుకుంటే సరిపోతుంది. అదే వెలుగులో ఎఫ్ 1.8 అంటే సెకనులో 8000వ వంతు కావాలి. నా కెమెరా 4000వ వంతు దగ్గరే ఆగిపోతుంది. మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లద్దం, తగిలిస్తే షట్టర్ 1000వ వంతుకు దిగింది. ఎండలో ఎపర్చర్ తెరవాలనుకునేవాళ్లు ఇది సంచిలో పెట్టుకోవాల్సిందే.

దిగేటప్పుడు గడ్డి మైదానంలో నలుగురం కలిసి ఫొటో దిగుదామన్నారు. ట్రైపాడ్, టైమర్, 85 లెన్సు. అందరి మొహాలూ వీలైనంత ఒకే వరసలోకి తెచ్చి, అయిదు మీటర్ల నుంచి ఎఫ్ 5.6 పెడితే మీటరు పైచిలుకు లోతు దొరికింది, వెనక కొండ గీత కూడా లీలగా మిగిలింది. వెలుగు తగ్గిపోతోంది, ఎపర్చర్ తెరిస్తే బావ మొహం మెత్తబడేలా ఉంది. ఎపర్చర్‌ను కదపకుండా ఐఎస్‌ఓ 1600కి పెంచాను. కాస్త నాయిస్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వచ్చినా నలుగురి కళ్లూ స్పష్టంగా ఉండటమే నాకు ముఖ్యం.